ఊటీ పేజీ చూశాం, మా బెజవాడ పేజీ ఎప్పుడు వేస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో వేసవి విహారాల మీద రెండు పేజీలు వేశారు. ఊటీ, కొడైకెనాల్, మున్నార్, అరకు. చూడ్డానికి బాగున్నాయి. కరెంటు పోయినప్పుడు ఆ పేజీనే మడిచి విసురుకున్నాను, ఆ రకంగానూ పనికొచ్చింది. అయితే ఆ రెండు పేజీల్లో మా ఊరి పేరు ఒకే ఒక్కచోట కనబడింది, ‘విజయవాడ నుంచి రైలు సౌకర్యం ఉంది’ అని. అంటే మా ఊరు రైలెక్కి వెళ్ళిపోవడానికే గానీ, ఉండి చూడ్డానికి కాదన్నమాట. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది అజిత్‌సింగ్‌నగర్ దగ్గర రాజరాజేశ్వరీపేట. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. మా ఆయన ఆటో తోలతారు. పాప తొమ్మిదో తరగతికి వచ్చింది, బాబు మూడుకి. కిందటేడు, 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు మా ఇంట్లోకి వచ్చింది. ఆ సంగతులన్నీ అప్పట్లో మీరే రోజూ వేశారు, మళ్ళీ చెప్పను. గోడ మీద నా ఛాతీ ఎత్తున నీటి గీత మాత్రం ఇప్పటికీ ఉంది. రెండుసార్లు రంగు వేయించాం. గీతకు పైన రంగు నిలబడుతోంది, కింద ఉప్పు పొంగి పెచ్చులూడిపోతోంది. ఇక లాభం లేదని పాత చీరతో కర్టెన్ కుట్టి దానికి అడ్డంగా వేలాడదీశాను. కుట్టుపని వచ్చినందుకు ఆ మాత్రం కలిసొచ్చింది.

మిషన్ తలకాయ విప్పి కిరసనాయిల్లో కడిగితే బతికింది, మోటారు పోయింది. కుట్టమని ఇచ్చినవాళ్ళ జాకెట్ ముక్కలు పద్నాలుగు బురదపాలయ్యాయి, అందులో రెండు పెళ్ళిపట్టు. ఆటో టాపు దాకా మునిగింది. ఇంటికి పాతిక వేలు, ఆటోకి పది వేలు ప్రభుత్వం ఇచ్చింది. ఇచ్చిన మాట నిజం, చాలని మాటా నిజమే. ఇంజను పనికి చేసిన అప్పు దసరాకు గానీ తీరదు. కాబట్టి ఈ వేసవికి ఎక్కడికీ పోయేది లేదని సంక్రాంతికే తేల్చేసుకున్నాం.

ఏటా సెలవులివ్వగానే తెనాలి నుంచి మా ఆడపడుచు పిల్లలు వచ్చి పదిహేను రోజులు ఉంటారు. ఈసారి ఫోన్ చేస్తే, “వద్దులే వదినా, మీ తిప్పలు మీకున్నాయి. ఊరంతా ఇంకా వాసనేమో, పిల్లలకు జ్వరాలొస్తే? పైగా కృష్ణ మళ్ళీ పొంగితే?” అంది. మే నెలలో కృష్ణ పొంగడం ఏంటో! మా చుట్టాల్లో సగం మందికి మమ్మల్ని ముంచింది కృష్ణమ్మేనని ఇప్పటికీ నమ్మకం. కాదు మహాప్రభో, బుడమేరు. మైలవరం కొండల వైపు పుట్టి కొల్లేరుకి పోయే వాగు. ఆ నీళ్ళు ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర మళ్ళించి కృష్ణలో కలపడానికి ఒక కాలువ ఉంది. ఆ కాలువ పట్టగలిగిన దానికంటే ఎంతో ఎక్కువ నీళ్ళు వచ్చి పడ్డాయి. కవులూరు దగ్గర గండ్లు పడ్డాయి. ఆ గండ్ల నీళ్ళు తిన్నగా మా పేటల్లోకి వచ్చాయి. ఇదంతా ఫోన్లో చెబితే ఆడపడుచు, “ఏ నీళ్ళయితేనేం వదినా” అంది. అదీ నిజమేలెండి.

ఆ రాత్రి మా ఆయన, “ఆదివారం సాయంత్రం బాడుగలు మానేస్తాను, గ్యాస్ ఖర్చేగా, పిల్లల్ని మన ఊళ్ళోనే తిప్పుదాం” అన్నారు. ఆదివారం సాయంత్రం ఆటోవాళ్ళకు మంచి గిరాకీ ఉండే వేళ. నేనే వద్దన్నాను. పెళ్ళిళ్ళ సీజను, నాకూ చేతినిండా జాకెట్లు ఉన్నాయి. అయినా ఆయన వినలేదు. పక్కింటి పిన్నిగారు మజ్జిగ సీసాతో మాకంటే ముందే ఆటో ఎక్కి కూర్చుంది. డెబ్బై ఏళ్ళావిడ, వరదప్పుడు మాతో పాటే పైవాటా వాళ్ళ డాబా మీద ఉంది. ఆమెను దింపేసి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు.

మొదటి వారం ప్రకాశం బ్యారేజీకి వెళ్ళాం. సీతానగరం వైపు ఆటో పెట్టి నడుచుకుంటూ వచ్చాం. బ్లేజ్‌వాడ అని మా ఊరికి ఊరికే పేరు రాలేదు. ఎండకాలంలో ఇక్కడ ఐదు దాటితే గానీ మనిషి మనిషిగా ఉండడు. ఆ టైముకి బ్యారేజీ మీద నదిగాలి తగులుతుంటే పక్కన లారీ హారన్ కూడా వినబడదు. (లారీలను దాని మీదకు రానివ్వరనుకోండి, మాటవరసకి.) ఎగువన నిండుగా నీళ్ళు, దిగువన ఇసుక తిన్నెలు, మధ్యలో 70 గేట్లు. కిందటేడు ఎగువ నుంచి పడవలు కొట్టుకొచ్చి ఈ గేట్ల దిమ్మెలను గుద్దుకున్నాయని మా ఆయన చూపించారు. అప్పుడు ఇక్కణ్ణించి 11 లక్షల 40 వేల క్యూసెక్కుల నీళ్ళు వదిలారు. పాపకి క్యూసెక్కు అంటే ఏంటో బళ్ళో చెప్పారట, సెకనుకి ఇరవై ఎనిమిది లీటర్లు. మా ఇంట్లో బిందెకి పద్నాలుగు పడతాయి. ఫోన్లో లెక్క వేసింది. సెకనుకి 22 లక్షల 80 వేల బిందెలు. పిన్నిగారు రెయిలింగ్ పట్టుకుని కిందికి చూసి, “మనం పంపు దగ్గర రెండు బిందెలకి కొట్టుకుంటామే” అంది.

తర్వాతి వారం అదే బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలు. చిన్నప్పుడు బడి నుంచి తీసుకెళ్ళారు, ఆ తర్వాత నేను చూడనే లేదు. ఇరవై నిమిషాల దూరంలో ఉన్నదాన్ని ఇరవై ఐదేళ్ళు చూడలేదు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు, మాకది కలిసొచ్చింది. కొండనే తొలిచి నాలుగంతస్తులు కట్టారు. లోపలికి అడుగుపెడితే రాతి చల్లదనం అరికాళ్ళలోంచి పైకి పాకుతుంది. ఏసీ చల్లదనం ముక్కుకి తగులుతుంది, ఇది ఎముకకి తగిలింది. లోపల అనంతపద్మనాభస్వామి శేషుడి మీద పడుకుని ఉంటాడు, ఒకటే రాయి. అందరూ దణ్ణం పెట్టుకుంటుంటే మా పిన్నిగారు చాలాసేపు అలాగే చూసి, “నీళ్ళ మధ్య ఎంత హాయిగా పడుకున్నాడో చూడవే. మనం డాబా మీద ఒక్క రాత్రైనా కన్ను మూశామా?” అంది. అక్కడున్న కాపలాదారు కూడా నవ్వాడు.

పున్నమి ఘాట్‌లో బోటు ఎక్కడానికి బాబు భయపడతాడేమో అనుకున్నాం. వాడు ఇంతకుముందు ఎక్కినది ఒక్కటే బోటు, సెప్టెంబరులో సహాయం వాళ్ళది. వాడికి భయమూ లేదు, గియమూ లేదు. బుద్ధిగా లైఫ్ జాకెట్ వేయించుకుని, బోటు కదలగానే గట్టిగా అడిగాడు, “పులిహోర పొట్లం ఎప్పుడిస్తారు?” అని. వాడి లెక్కలో బోటంటే పొట్లాలు పంచేది. నాకు సిగ్గేసింది. ఎదురు సీట్లో ఒకావిడ మాత్రం, “మీదెక్కడమ్మా?” అని అడిగింది. చెప్పాను. వాళ్ళది పాయకాపురం. వెనక ఉన్నవాళ్ళది కండ్రిక. ఇక మొదలైంది. “మీకెంత లోతు?” “నడుం దాకా. మీకు?” “ఛాతీ దాకా.” ఈ మధ్య మా బెజవాడలో కొత్తవాళ్ళు పరిచయం అయితే ఊరూ పేరూ తర్వాత, ముందు లోతే. కృష్ణ మధ్యలో, సాయంత్రపు ఎండలో, టికెట్ కొనుక్కుని మరీ ఎవరి ఫ్రిజ్ ఎక్కడ తేలిందో చెప్పుకున్నాం. పాయకాపురం ఆవిడ బ్యాగులోంచి జంతికలు తీసి మా వాడి చేతిలో పెట్టింది. పొట్లం అందింది కదా, వాడు కూర్చున్నాడు.

కొండపల్లి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నా పెళ్ళికి మా అమ్మ దశావతారాల సెట్టు పెట్టింది, కొండపల్లివి. సంక్రాంతికి కొలువులో పెట్టి, మిగతా రోజుల్లో మంచం కింద అట్టపెట్టెలో దాచేదాన్ని. వరద తగ్గాక అట్టపెట్టె ముద్దయిపోయి కనబడింది. బురదలో తడుముకుంటూ ఒక్కో అవతారాన్నీ ఏరాను. కూర్మం దొరికింది, వరాహం దొరికింది, వామనుడు గొడుగు లేకుండా దొరికాడు. తొమ్మిది దొరికాయి. దొరకనిది ఏదనుకున్నారు? మత్స్యావతారం. మా ఆయన, “చేప కదా, ఈదుకుంటూ కొల్లేరు పోయుంటుంది” అన్నారు. ఏడుస్తున్నదాన్ని కాస్తా ఆ బురదలోనే కూర్చుని నవ్వాను. ఆ వారంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

అందుకని మూడో వారం ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి. ముందు కొండ మీద ఖిల్లా చూసి, దిగి బొమ్మల దుకాణాలకు వెళ్ళాం. ఒక్క చేప కావాలంటే ఎవరూ ఇవ్వరు. “సెట్టుగానే అమ్మా, విడిగా ఇస్తే మిగతా తొమ్మిదీ ఎవరు కొంటారు?” అంటారు. న్యాయమే కదా. నాలుగో దుకాణంలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని తెల్లపొణికి కర్ర చెక్కుతున్నాడు. ఆ కర్ర పట్టుకుని చూశాను, చేతిలో ఉన్నట్టే లేదు, దూదిలా ఉంది. చేతులు వేరుగా, తల వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సందుల్లో మక్కు కూరి వేలితో నున్నగా రాస్తుంటే, చంకలో కుట్టు విప్పి గుడ్డ అతికేటప్పుడు నేను రాసినట్టే అనిపించింది. ఆయనకు మా చేప కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్ళి, రంగు వేయని మత్స్యం ఒకటి తెచ్చి, “మీ తొమ్మిదికీ రంగు ఎలా ఉంది?” అని అడిగాడు. వెలిసిపోయిందన్నాను. “అయితే దీనికి కొత్త రంగు వేస్తే ఇదొక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పది రోజులాగి తొమ్మిదీ పట్టుకురండి, అన్నిటికీ కలిపి వేస్తాను. వామనుడికి గొడుగు కూడా పెడదాం” అన్నాడు. డబ్బులు కూడా అవి పట్టుకొచ్చినప్పుడే ఇస్తే చాలన్నాడు. ఊటీలో ఇలాంటి బేరం దొరుకుతుందా, మీరే చెప్పండి.

తిరుగు దారిలో మా ఆయన ఒక పక్కకి చెయ్యి చూపించి, గండ్లు పడింది ఈ వైపేనని చెప్పారు. ఎవరం మాట్లాడలేదు. ఆటో కూడా ఆపలేదు.

గాంధీ కొండ, బందరు రోడ్డులో బాపు మ్యూజియం కూడా చూశాం. మ్యూజియంలో పాపకి నచ్చినవి పాత నాణేలు, బాబుకి కత్తులు. పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది 1921లో మన బెజవాడలోనే అని పాప పాఠం అప్పజెప్పింది. గాంధీ కొండ మీద స్తూపం 52 అడుగులు, 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు ప్రారంభించారు. నాకు స్తూపం కంటే అక్కణ్ణించి ఊరు కనబడటం నచ్చింది. స్టేషను పట్టాలు, వాటికి అవతల మా వైపు. పైనుంచి చూస్తే తెలిసింది, మా పేటలన్నీ ఎంత గుంటలో ఉన్నాయో. నాన్‌స్టిక్ పెనానికి అంచు ఉన్నట్టు చుట్టూ గట్లు, రోడ్లు, రైలు కట్టలు, మధ్యలో మేము.

ఇక మామిడిపళ్ళ కోసం ఏ విహారమూ అక్కర్లేదు, నున్న మార్కెట్ మాకు దగ్గరే. బంగినపల్లి లారీలకెత్తి ఉత్తరాదికి పంపిస్తుంటారు. మేము మాత్రం నూజివీడు చిన్న రసాలే తెచ్చుకుంటాం. గంటసేపు బకెట్ నీళ్ళలో వేసి, అరచేతుల మధ్య మెల్లగా నలిపి, తొడిమ దగ్గర చిన్న గాటు పెట్టి, ముందు సొన పిండేసి, అప్పుడు నోట్లో పెట్టుకోవాలి. తొందరపడితే మూతి పూస్తుంది. బాబుకి ప్రతి ఏడూ పూస్తుంది.

ఇంతవరకూ బాగున్నవి చెప్పాను, బాగా లేనివీ చెప్పాలి. మేం తిరిగిన చోట్లలో ఒకటి రెండు చోట్ల ఆడవాళ్ళకు సరైన మరుగుదొడ్డి లేదు. ఉన్నచోట నీళ్ళు లేవు. నలభై రెండు డిగ్రీల ఎండలో మేం నీళ్ళు తాగకుండా తిరిగాం, ఎందుకో మగవాళ్ళకు విడమరిచి చెప్పాల్సి వస్తుంది. పిన్నిగారి మజ్జిగ సీసా సగం మిగిలిపోయింది కూడా అందుకే.

రెండోది, మా ఇంటికి దగ్గర్లోని చిన్న పార్కు. పేరు రాయను, ఎవరి పరిధో వాళ్ళకు తెలుసు. వరదకు ప్రహరీ ఒకవైపు పడిపోయింది. తడిసిన పరుపులు, ప్లైవుడ్ బీరువాలు అప్పట్లో అందులోనే పోశారు. తర్వాత చెత్త ఎత్తేశారు, గేటుకి తాళం వేశారు. ప్రహరీ లేని పార్కుకి గేటూ తాళమూ ఎందుకో నాకు అర్థం కాదు. లోపల ఉయ్యాల గొలుసు ఒకటి తెగి వేలాడుతోంది, జారుడు బల్ల తుప్పుపట్టి చిల్లుపడింది. పిల్లలు పడిపోయిన గోడ మీంచి లోపలికి వెళ్ళి మోకాళ్ళు గీసుకుని వస్తున్నారు. వరద తర్వాత మా ఇళ్ళకొచ్చి ఇంటికెంత నష్టం, బండికెంత నష్టం అని రాసుకెళ్ళారు. ఉయ్యాలకి ఎంత అని ఎవరూ రాసుకోలేదు. అందరికీ వారంవారం తిప్పే ఆటో ఉండదు కదండీ. మా వీధిలో రెండిళ్ళ అవతల పిల్లలు ఈ సెలవుల్లో వీధి మలుపు దాటలేదు. వాళ్ళ అమ్మానాన్న ఇద్దరూ పనికి పోతారు. వాళ్ళకి బ్యారేజీ గాలి కంటే ఆ ఉయ్యాల ముఖ్యం.

మొన్న సాయంత్రం గాలివాన వచ్చింది. పావుగంట వాన, అంతే. ఊరంతా చల్లబడిందని సంబరపడింది. మా వీధిలో మాత్రం అందరూ గుమ్మాల్లోకి వచ్చి కాలువ వైపు చూస్తూ నిలబడ్డారు. పిన్నిగారు బియ్యం బస్తా బల్ల మీదకి ఎక్కించమని మా ఆయన్ని పిలిచింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, పాప మార్కుల కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీదే ఉంచాను, అక్టోబరు నుంచి కిందికి దించలేదు. జూన్ వస్తోంది. బుడమేరు గట్ల పని ఎంతవరకు వచ్చిందో వారానికోసారి మీ పత్రికలో వేయండి. పెద్దగా అక్కర్లేదు, ఊటీ ఫొటో పక్కన చిన్న డబ్బా చాలు. టెన్షన్ లేకుండా ఒక ఆదివారం తిరిగి రావడానికి అదే మాకు పెద్ద సాయం.

అలాగే ఒక పేజీ మా ఊరి మీద వేయండి. ఉండవల్లి చల్లదనం, కొండపల్లి పెద్దాయన అరుగు, నున్న రసాలు, పున్నమి ఘాట్ బోటు. వాసన ఏమీ లేదని, ఊరు మామూలుగానే ఉందని, చుట్టాలు రావచ్చని రాయండి. ఫొటోగ్రాఫరు వస్తే ఏ ఆదివారమైనా మా ఆటోలోనే తిప్పుతామని మా ఆయన చెప్పమన్నారు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పడం మంచిది, మా ఆటో వెనక సీటు స్పాంజికి వరద వాసన ఇంకా పూర్తిగా వదల్లేదు. ఆడపడుచుతో అది చెప్పలేదు.

ఈ ఉత్తరం మీరు వేస్తే కటింగ్ ఫొటో తీసి ఆమెకి వాట్సాప్‌లో పంపిస్తాను. స్పాంజి సంగతి మాత్రం దయచేసి కత్తిరించండి. జూన్ 12న బళ్ళు తెరిచేలోగా వేస్తే, ఆ పిల్లలు కనీసం వారం రోజులైనా వచ్చి ఉంటారు. దశావతారాలకు రంగు వేయించి తెచ్చుకోవడానికి ఎలాగూ కొండపల్లి మళ్ళీ వెళ్ళాలి, ఆటోలో చోటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజరాజేశ్వరీపేట, విజయవాడ
మే, 2025